శుభ శుక్రవారపు చీనీ రసం

ఆళ్ళగడ్డ,
7 ఏప్రిల్ 2025, సోమవారం

అక్క దీవెనమ్మకు,

అగ్నిగుండంలో ముగ్గురిని వాడిపోకుండా కాపాడినవాడు ఈ నంద్యాల ఎండల్లో నిన్నూ కాపాడుగాక అని తమ్ముడు శాంతయ్య రాయునది.

ఫోను చేస్తే తీయడం లేదు, బతికున్నాడా లేడా అని నయీమ్‌ను అడిగావట. బతికే ఉన్నాను. శ్రమదినాలు మొదలైన బుధవారం నాడే ఫోనును పిండి డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఈస్టరు దాకా తెరవనని సంఘం ఎదుట నిలబడి చెప్పాను. మూడో రోజుకే నాలుక కరుచుకున్నాననుకో. కానీ మొక్కుకొని చెల్లించకపోవడం కంటే అసలు మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి గ్రంథంలో ఉంది. అందుకే ఈ ఉత్తరం. సైదా సాహెబ్ కొడుకు నయీమ్ రోజూ పండ్ల వ్యానులో మీ ఊరికి వస్తాడు గదా, ఇక వాడే మన పోస్టుమాన్.

అసలు సంగతికి వస్తాను. నా పరువు ఇప్పుడు నీ చేతిలో ఉంది.

క్రాంతి కుమార్ గుర్తున్నాడా? నా దగ్గర పాటల పుస్తకాలు పంచుతూ పెరిగినవాడు. ఇప్పుడు బస్టాండు వెనక రేకుల షెడ్డులో సొంత సంఘం పెట్టాడు. కీబోర్డు, నిలువెత్తు స్పీకర్లు, నాలుగు కూలర్లు. కూడిక అయిపోగానే మనిషికొక మామిడి రసం పొట్లం, చల్లగా, స్ట్రాతో సహా. పోయిన ఏడాది మేము తొంభై మందిమి. నిన్న చూస్తే నలభై ఒక్కరు. శుభ శుక్రవారం నాడు ఈ నలభై ఒక్కరూ అటు పోతే నా సంఘం తలుపు మూసేసినట్టే. ఇక ఇటుకలకు ప్రసంగం చెప్పుకోవాలి. మేస్త్రీని గదా, ఇటుకలు నాకు కొత్త కాదు. కానీ అవి ఆమెన్ అనవు.

నిన్న నవమి. వీధి చివర పానకం పోస్తున్నారని మా సంఘం పిల్లలు ఆరాధన మధ్యలో లేచిపోయి, రెండేసి గ్లాసులు తాగి, మూతులకు బెల్లంతో వచ్చి మళ్ళీ బుద్ధిగా కూర్చున్నారు. నాకు కోపం రాలేదు. నాకొక గ్లాసు తేలేదే అనిపించింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. బల్ల గుద్దాను.

"పొట్లాల్లో పోసిన రంగునీళ్ళతో ఆత్మను చల్లబరుచుకోవాలనుకునే జనమా! శుక్రవారం మూడు గంటల ఆరాధన ముగిశాక, నేను, ఈ శాంతయ్యను, నా రెండు చేతులతో పిండిన చీనీ రసం మీకు పోస్తాను. చుక్క నీళ్ళు కలపను. చక్కెర పలుకు వేయను. ఇంకెవరూ దీనిలో చెయ్యి పెట్టకూడదు!"

గురువు శిష్యుల కాళ్ళు కడిగినప్పుడు పక్కన కూలివాళ్ళను పెట్టుకున్నాడా?

సైదా సాహెబ్ రెండు మూటల చీనీ కాయలు, ఆయన బోర్డు మీద బత్తాయి అని రాసుకున్నవే, ఊరికే ఇస్తానన్నాడు. ఆయన పండ్ల కొట్టు మా ప్రార్థన మందిరానికి గోడ అవతలే. నా ప్రసంగాలన్నీ ఆయన వింటాడు, వినక గతి లేదు. కాయలొచ్చాయి. పిండటం ఎలాగో నాకు తెలియదు. హాస్టల్లో ఇరవై రెండేళ్ళు మూడు వందల మంది పిల్లలకు వండి రిటైరైనదానివి. వివరంగా రాయి.

సిమెంటు తప్ప ఏదీ కలపడం రాని నీ తమ్ముడు,
శాంతయ్య


నంద్యాల,
8 ఏప్రిల్

ఒరే శాంతా,

దేవుడు నీకు నోరిచ్చి మూత ఇవ్వడం మరిచాడు. ఆ పిండి డబ్బా మూత పెట్టాల్సింది ఫోనుకు కాదు.

సరే, అనేశావు గనక విను. కాయను బల్ల మీద పెట్టి అరచేతితో దొర్లించు, లోపల మెత్తబడుతుంది. తోలు తీసెయ్. తోలు కింద తెల్లటి దూది ఉంటుంది, అదీ గీకెయ్. తొనలు విడదీసి గింజలు ఏరెయ్. గింజ నలిగిందా, గిన్నె మొత్తం పోయినట్టే. పల్చటి గుడ్డలో వేసి పసిపిల్ల ముక్కు తుడిచినట్టు మెల్లగా ఒత్తు. మేస్త్రీ చెయ్యి వేయకు. చిటికెడు ఉప్పు. అంతే. గ్లాసులో నురగ అణగకముందే తాగించెయ్. చీనీ రసం నిలవ ఉండదు. ఈ మాట కింద రెండు గీతలు గీశాను చూడు.

నా మాట వింటే చీనీ జోలికి పోకుండా నిమ్మరసం చెయ్. ముందురోజే పాకం కాచి, చల్లార్చి, అందులో నిమ్మకాయలు పిండి పెట్టుకో. మరుసటి రోజు కుండ నీళ్ళు, నానిన సబ్జా గింజలు కలిపితే సరి. పక్కింటి గుల్జార్‌బీ రంజాన్ నెలంతా నా నిమ్మరసంతోనే రోజా విడిచింది. పండగ నాడు గిన్నె నిండా సేమ్యా పంపింది. సగం దాచి పెట్టాను, నీకు కాదు, నాకే.

మోకాళ్ళు బాగుంటే నేనే వచ్చి పిండి పోయేదాన్ని. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. బస్సుకు మూడు మెట్లు.

నీ అక్క,
దీవెనమ్మ

ఎవరూ చెయ్యి పెట్టకూడదన్నావట. పేతురు కూడా మొదట నా కాళ్ళు కడగొద్దనే అన్నాడు. తర్వాత తల కూడా కడగమన్నాడు.


ఆళ్ళగడ్డ,
11 ఏప్రిల్

అక్కకు,

సమ్సోను బలమూ సొలొమోను తెలివీ రెండూ ఒకే మనిషికి ఇవ్వగల దేవుడి పేరున వందనాలు. అవి రెండూ నాకు దొరికాయి. ఎలాగో చెబుతాను.

ఒక కాయ పిండి చూశాను. దొర్లించడం, దూది గీకడం, ముక్కు తుడవడం, ఇదంతా వంటింటి సుకుమారం. అడ్డంగా కోశాను, పిడికిట్లో పెట్టి నొక్కాను. తోలుతో సహా పిప్పి అయిపోయింది. గింజలు కూడా రసమిచ్చాయంటే నమ్ము. అక్కడికక్కడే తాగాను. తేనె! నీ హాస్టలు పిల్లలు ఇరవై రెండేళ్ళు సగం రసం నష్టపోయారని నాకు బాధ కలిగింది.

నిమ్మరసమంటావా? అది ప్రతి సోడా బండివాడూ పోస్తాడు. చీనీ అని బల్ల గుద్దాను, చీనీయే.

ఇక నిలవ సంగతి. మా కత్తి నియమం నీకు తెలుసు గదా. ఆయన పక్కలో ఈటె దిగిన రోజున మన చేతుల్లో ఇనుము ఉండకూడదని పదిహేనేళ్ళ కిందట నేనే పెట్టాను. గురువారం పొద్దు గుంకినప్పటి నుంచి శుక్రవారం పొద్దు గుంకేదాకా మా సంఘంలో కత్తి, సుత్తి, మేకు ఎవరూ ముట్టరు. సంఘంలో అందరికీ పెద్దామె కొండమ్మ సూది కూడా ముట్టదు. మరి కత్తి లేకుండా శుక్రవారం కాయలు కోసేదెలా? కాబట్టి గురువారం మధ్యాహ్నమే కోసి పిండేస్తాను. కొత్త కుండలు రెండు కొన్నాను. చుట్టూ తడి గోనెపట్ట, పక్కన ఐసు గడ్డ. అరణ్యంలో మన్నాను విశ్రాంతి దినానికి ముందురోజే ఏరి పెట్టుకున్నారు. చెడిందా? పురుగు పట్టిందా? నిర్గమకాండం తీసి చూసుకో.

నీ క్షేమం కోరే,
శాంతయ్య


నంద్యాల,
13 ఏప్రిల్, మట్టల ఆదివారం

మూర్ఖుడా,

మన్నా ఆకాశం నుంచి పడింది. చీనీ చెట్టుకు కాస్తుంది. ఆ తేడా తెలియకుండానే ఇన్నేళ్ళు ప్రసంగాలు చెప్పావా?

పిండగానే తాగితే ఎవడికైనా తేనే. ఒక గ్లాసు పిండి, మూతపెట్టి, మరుసటి రోజు తాగి చూడు. అదీ పరీక్ష. వేపాకు కషాయం నయమనిపిస్తుంది. తోలూ గింజా నలగ్గొట్టావంటే ఇక చెప్పనక్కర్లేదు. హాస్టల్లో చేరిన కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను. వార్డెనమ్మ ఆ గ్లాసు నా చేతే తాగించింది.

కత్తి ముట్టకూడదంటే ముట్టకు. తోలు గోళ్ళతో వస్తుంది, తొనలు వేళ్ళతో విడిపోతాయి, గుడ్డలో ఒత్తడానికి ఇనుమెందుకు? ఆరాధన అయ్యాక పదిమంది ఆడవాళ్ళను కూర్చోబెడితే అరగంట పని. నీ నియమమూ దక్కుతుంది, రసమూ దక్కుతుంది. పోయేది నీ బడాయి ఒక్కటే.

బిలాము గాడిద చెబితే విన్నాడు. నేను గాడిద కంటే ఒక మెట్టు పైనే ఉన్నాను గదరా.

దీవెనమ్మ


ఆళ్ళగడ్డ,
15 ఏప్రిల్

అక్కకు,

నీ ఉత్తరం విప్పాను. మొదటి మాట మూర్ఖుడా అని ఉంది. అక్కడే మడిచేశాను. ఇది పరిశుద్ధ వారం. పోట్లాట ఉత్తరాలు చదివి మనసు పాడుచేసుకోను. యోబు గ్రంథంలో, ఆయన స్నేహితులు వచ్చి సలహాలు చెప్పే చోట, దాన్ని పెట్టాను. ఈస్టరు నాడు క్షమించి చదువుతాను.

శాంతయ్య


నంద్యాల,
16 ఏప్రిల్

శాంతా, ఇది పోట్లాట కాదు. నిమ్మకాయలు. లేదా గోళ్ళు. గురువారం మాత్రం పిండకు. నీ కాళ్ళు పట్టుకుంటా, వంగలేను గానీ పట్టుకున్నట్టే అనుకో.

అక్క


ఆళ్ళగడ్డ,
18 ఏప్రిల్, శుభ శుక్రవారం, సాయంత్రం ఐదు

అక్కా! అక్కా!

ఎండిన ఎముకల లోయ లేచి నిలబడింది! వేరే వందనాలు ఈ పూట నాకు గుర్తు రావడం లేదు.

(నీ రెండో ఉత్తరం కూడా వచ్చింది. కవరు విప్పకుండా మొదటిదాని పక్కనే పెట్టాను. నయీమ్ ఏదో నోటితో చెప్పబోతే చెవులు మూసుకున్నాను.)

నిన్న ఒక్కడినే కూర్చొని రెండు మూటలూ పిండాను. చేతులు వాచాయి. కొండమ్మ వాకిలి దగ్గర ఆగి, "ఈ పొద్దే పిండుతాండావా అయ్యా?" అంది. నా శ్రద్ధకు ఆశ్చర్యపడింది పాపం.

ఈ రోజు నలభై ముగ్గురు వచ్చారు. ఇద్దరు ఎక్కువే! క్రాంతి కుమార్ సంఘం కుర్రాళ్ళు డజను మంది, శాంతయ్య రసం పోస్తాడో సోది పోస్తాడో చూద్దామని ప్రహరీ గోడెక్కి ఫోన్లు పట్టుకొని కూర్చున్నారు. నేను జంకలేదు. మూడు గంటలకు కుండల మీద గోనె తీశాను. మొదటి గ్లాసు కొండమ్మకు ఇచ్చాను. ఒక గుక్క తాగింది. నా వైపు చూసింది. చాలాసేపు చూసిందక్కా! తర్వాత గోడ వైపు చూసింది. కళ్ళు మూసుకొని గ్లాసు ఖాళీ చేసి బోర్లించింది. వెనక్కి తిరిగి, "తాగండి అందరూ. అయ్య పిండిన రసం. చుక్క వదలద్దండి" అంది.

ఆ తర్వాత జరిగింది విను. అందరి కళ్ళల్లో నీళ్ళు! ఎవరో, "సిలువ మింద ఆయనకిచ్చింది ఇట్లనే ఉండేదేమో" అన్నారు. ఒకాయన మోకాళ్ళ మీద పడ్డాడు. రెండో గ్లాసు ఒక్కరూ అడగలేదు, అంత తృప్తి! గోడ మీది కుర్రాళ్ళకూ పోశాను. నవ్వులు ఆగిపోయాయి. ఒకడు దిగివచ్చి కడుపు పట్టుకొని, నాకోసం ప్రార్థన చేయండి అయ్యా అన్నాడు.

నాకు ఆరింటిదాకా ఉపవాసం గనక ఇంకా రుచి చూడలేదు. నాకని ఒక గ్లాసు ఉంచుకున్నాను.

ఆరున్నర.

అక్కా, ఉపవాసం విడిచాను. ఆ గ్లాసు తాగాను.

అక్కా.

నీ ఉత్తరాలు రెండూ ఇప్పుడే చదివాను. చేదు కలిపిన ద్రాక్షారసం ఇస్తే ప్రభువే రుచి చూసి తాగలేదని మత్తయి రాశాడు. నా జనం రుచి చూసి తాగారు.

శాంతయ్య


నంద్యాల,
19 ఏప్రిల్, శనివారం పొద్దున

శాంతా,

నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకు గుల్జార్‌బీ పరుగెత్తుకొచ్చింది, నాకేదో అయిందని. ఆమెకూ చదివి వినిపించాను. "రెండో గ్లాసు ఒక్కరూ అడగలేదు" అన్న దగ్గర ఆమె గోడకు ఆనుకొని కిందికి జారిపోయింది. ఇద్దరు ముసలాళ్ళం లేవలేక అలాగే కూర్చున్నాం. పొద్దున్నే పుణ్యం కట్టుకున్నావు.

నవ్వు అయిపోయింది. ఇక విను. రేపు ఈస్టరు. నిలబడి జరిగింది చెప్పెయ్. వాళ్ళు దాన్ని దేవుడు చూపిన గుర్తనుకుంటున్నారు. అది గింజలు నలిగిన గుర్తు.

అక్క


ఆళ్ళగడ్డ,
19 ఏప్రిల్, మధ్యాహ్నం

అక్కకు,

చెప్పడం అంత సులభం కాదు. ఆలస్యమైపోయింది.

ఆ కుర్రాళ్ళు తీసిన వీడియో ఊరంతా తిరుగుతోంది. "చేదు గిన్నె" అని దానికి పేరు కూడా పెట్టారు. క్రాంతి కుమార్ దగ్గరి నుంచి పన్నెండు మంది రేపు మా దగ్గరికే వస్తారట. నా దగ్గర మానేసినవాళ్ళు కూడా కబురు పెట్టారు. పొద్దున క్రాంతి కుమారే ఇంటికొచ్చి, నా చేతులు పట్టుకొని, "అయ్యా, ఇన్నేళ్ళూ నేను తియ్యటివి పంచి తప్పు చేసినా. మీకు ఈ తలంపు ఎట్ల వచ్చె?" అన్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఊరికే ఉన్నాను. తల దించుకున్నాను. వాడు దాన్ని వినయం అనుకొని కాళ్ళకు మొక్కి పోయాడు.

అప్పటి నుంచి, పేతురు ఎదుట అబద్ధమాడి పడి చచ్చిన అననీయ, సప్పీరా కళ్ళ ముందు కనబడుతున్నారు. వాళ్ళు దాచింది పొలం సొమ్ము, నేను దాచింది చీనీ గింజలు, అంతే తేడా. కానీ నిజం చెబితే రేపే నవ్వుతారు, ఎల్లుండికి మామిడి పొట్లాల దగ్గరికి పోతారు. పదిహేనేళ్ళ సంఘం. దాని గోడలు నేనే కట్టాను, గిలాబా సిమెంటు నేనే పూశాను. చెప్పనా, వద్దా? ఒక్క మాట రాయి. నయీమ్ ఈ రోజు రెండో ట్రిప్పు వస్తున్నాడు.

శాంతయ్య


నంద్యాల,
19 ఏప్రిల్

శాంతా,

నయీమ్ హారను కొడుతున్నాడు, గబగబా రాస్తున్నాను. పుట్టినప్పటి నుంచి నువ్వు ఊరికే ఉన్నది నేను ఎరగను. మొదటిసారి ఊరికే ఉండటానికి ఇదా దొరికింది?

నేను ఎవరికీ చెప్పను. నీ ఉత్తరాలు ఎవరికీ చూపను. గుల్జార్‌బీ లెక్కలోకి రాదు. చెప్పేది నువ్వే, మానేది నువ్వే. చెబితే సంఘం పోవచ్చు. చెప్పకపోతే ప్రతి శుభ శుక్రవారం ఆ రసం మళ్ళీ చేదుగా చేసి పోయాలి. అదీ ఆలోచించుకో.

అక్క


ఆళ్ళగడ్డ,
21 ఏప్రిల్, సోమవారం

అక్క దీవెనమ్మకు,

రాయి దొర్లింది అని రాస్తున్నాను. సమాధి మీదిదీ, నా గుండె మీదిదీ.

పిండి డబ్బా తెరిచాను. ఫోను పనిచేస్తోంది, కాస్త జొన్నపిండి రాలుతోంది. అయినా ఫోనులో చెబితే నువ్వు నవ్వుతావు, నాకు సందు దొరకదు. అందుకే ఇది కూడా ఉత్తరమే.

నిన్న మందిరం నిండింది. బయట కూడా నిలబడ్డారు. పద్నాలుగు పేజీల ప్రసంగం రాసుకున్నాను. బల్ల దగ్గరికి పోయి, కాగితాలు తీసి, మళ్ళీ బైబిల్లోనే పెట్టేశాను. "శుక్రవారం చేదు దేవుడు చూపింది కాదు. నేను చేసిన తప్పు. నిలవ ఉండదని మా అక్క ముందే రాసింది, నేను చదవలేదు. తెలిశాక మీ దగ్గర దాచాను. క్రాంతి కుమార్ అడిగినప్పుడు కూడా దాచాను" అన్నాను. అంతే.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కొండమ్మ గొంతు.

"తెలుసులేప్పా."

"ఏం తెలుసు?"

"చీనీ తోటల్లో కాయ కోసే కూలోళ్ళం మేము. నిలవ రసం చేదెక్కుతాదని మా సంటి పిల్లోల్లకు కూడా తెలుసు. గురువారం నువ్వు పిండుతాండేది చూసినప్పుడే అనుకుంటిమి."

"మరి అప్పుడే చెప్పలేదేమమ్మా?"

"ఎవురూ చెయ్యి పెట్టగూడదంటివి. నోరు పెట్టచ్చునని యాడ చెప్పినావు?"

ఎవరో కిసుక్కుమన్నారు. నేను వదల్లేదు. "తెలిసి ఎందుకు తాగినారు?"

"గోడ మింద ఆ పిల్లోల్లు ఫోన్లు పట్టుకోని ఉండ్రి. మేము ఉమ్మేస్తే ఆ బొమ్మ ఊరంతా తిరగదా? మా అయ్య నవ్వులపాలైతే మా మొగాలు యాడ పెట్టుకోవల్ల?"

"మరి ఆ ఏడుపు?"

"ఏడుపు నిజమేప్పా. అంత చేదుకు ఎవురైనా ఏడుస్తారు."

ఇక మందిరం ఆగలేదు. గోడ దిగి వచ్చిన కుర్రాడు లేచి, "అయ్యా, నేను ప్రార్థన చేయమన్నది కడుపు కోసం" అన్నాడు. నలభై ముగ్గురు రెండు రోజులుగా ఆపుకున్న నవ్వు ఒక్కసారి బయటపడితే ఎలా ఉంటుందో నువ్వు వినాల్సింది. నేను కూడా నవ్వాను. నవ్వుతూ ఉంటే ఏడుపు వచ్చింది, అది దేనికో నాకే తెలియలేదు.

అంతలో సైదా సాహెబ్ గోడ మీదుగా తల పెట్టి, "ఏందప్పా శాంతయ్యా, నా కాయల పేరు చెడగొడితివి గదా! వీడియో చూసినోల్లు నా చీనీ చేదంటాండారు. ఇప్పుడే పిండు, అందరి ముందర పిండు!" అని ఒక గంప కాయలు అందించాడు.

నన్ను పిండనివ్వలేదక్కా. ఆడవాళ్ళు చాపలు పరిచి కూర్చున్నారు. తోలు తీసేవాళ్ళు, దూది గీకేవాళ్ళు, గుడ్డలో ఒత్తేవాళ్ళు. క్రాంతి కుమార్ దగ్గరి నుంచి వచ్చిన పన్నెండు మందీ గ్లాసులు కడిగారు. వచ్చే ఆదివారం వాళ్ళు ఎటు పోతారో నాకు తెలియదు. క్రాంతి కుమార్‌కు మాత్రం నేనే పోయి చెప్పి రావాలి. నాకు గింజలు ఏరే పని ఇచ్చారు. ఒకసారి తొనను కొంచెం గట్టిగా పట్టుకున్నాను, కొండమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది.

చాలా తియ్యగా ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా తాగుతూ, మాట్లాడుకుంటూ కూర్చున్నారు. ప్రసంగం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇన్నేళ్ళలో నేను ప్రసంగం చెప్పని ఈస్టరు ఇదొక్కటే. పోతూ పోతూ కొండమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ నా వైపు తిరిగింది.

"ఈ పొద్దు వాక్యం బాగా చెప్పినావప్పా" అంది.

నీ తమ్ముడు,
శాంతయ్య